ఊరు బడికిచ్చే గంట



ఏ ఊళ్లో ప్రాథమిక పాఠశాలకు వెళ్లినా ఫ్యాను రెక్కల మీద, బెంచీల వెనక, మంచినీళ్ల ట్యాంకు మీద దాతల పేర్లు కనిపిస్తాయి. ఫలానావారి జ్ఞాపకార్థం అని ఒకచోట, ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్ అని ఇంకోచోట. ఇచ్చినవాళ్లు మనస్ఫూర్తిగా ఇచ్చారు. మార్చి నెల ఎండలో ఆ ఫ్యాను కింద కూర్చున్న పిల్లలకు దాని విలువ బాగా తెలుసు. ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది మాత్రం ఏ పలక మీదా పేరు ఎక్కని సాయం గురించి. ఏదో ఒక విద్య చేతిలో ఉన్న మనిషి వారానికి ఒక గంట బడికి వచ్చి పిల్లల మధ్య కూర్చోవడం గురించి. కథ చెప్పడానికో, పాట నేర్పడానికో, బొమ్మ గీయించడానికో, ఖోఖో ఆడించడానికో, నాలుగు రకాల విత్తనాలు అరచేతిలో పోసి చూపించడానికో.

దీని అవసరం ఎంతో తెలియాలంటే ముందు చట్టం చూడాలి. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని చివర ఒక షెడ్యూలు ఉంటుంది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని, 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు ఉండాలని అందులో రాశారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల దగ్గరికి వచ్చేసరికి, వందమందికి పైబడి పిల్లలున్న బడికి చిత్రకళ, ఆరోగ్య వ్యాయామ విద్య, పని విద్య నేర్పడానికి పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలన్నారు. ఐదో తరగతి లోపు పిల్లలకు ఆ మాట లేదు. కనిపించిన గోడ మీదల్లా బొమ్మ గీసేది ఆరేళ్ల పిల్ల. డ్రాయింగు మాస్టారు కావాలంటే ఆ పిల్ల ఆరో తరగతి దాకా ఆగాలి. అప్పటికి ఎంతమంది చేతిలో బొమ్మ మిగిలి ఉంటుందో మీరే ఆలోచించండి. అదే చట్టంలో 29వ సెక్షన్ పిల్లల సర్వతోముఖాభివృద్ధి జరగాలని, వాళ్లు చేసి, చూసి, వెతికి నేర్చుకోవాలని చెబుతుంది. ఐదు తరగతులను ఇద్దరు టీచర్లు పంచుకున్న బడిలో, ఒకరు సెలవు పెట్టిన రోజున, ఆ సెక్షన్ ఎలా అమలవుతుందో టీచరుగా పనిచేసిన ప్రతివాళ్లకూ తెలుసు.

డబ్బున్నవాళ్ల పిల్లలకు ఈ లోటు ఇంకోలా తీరుతుంది. చదరంగానికి ఇంత, కరాటేకి ఇంత, కీబోర్డుకి ఇంత అని ఫీజు కడతారు. కూలికి వెళ్లే తల్లి బిడ్డకు ఆ దారి లేదు. ఆ బిడ్డకు పాటా, ఆటా, రంగుపెన్సిలూ, పాఠ్యపుస్తకం కాని ఒక కథల పుస్తకమూ దొరికేది బడిలోనే. బడికి ఆ బలం లేనప్పుడు ఊరు ఇవ్వాలి. నేను చెప్పదలుచుకున్న మాట ఇదే.

ఊరు ఎలా ఇవ్వగలదో చూపించిన చోటు మన దగ్గరే ఉంది. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన మదనపల్లెకు దగ్గర్లో రిషీవ్యాలీ ఉంది. అక్కడి పెద్ద బడి సంగతి చాలామందికి తెలుసు. దాని చుట్టూ పల్లెల్లో నడిచిన చిన్నచిన్న ఒంటి గది బడుల సంగతి తక్కువమందికి తెలుసు. 1980ల చివరి నుంచి పద్మనాభరావు, రమ దంపతులు ఆ పల్లె బడుల కోసం పనిచేశారు. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ కూర్చుంటారు. ఎవరి చేతిలో వాళ్ల పాఠం కార్డు. ఎవరి మెట్టు మీద వాళ్లు. పక్క రాష్ట్రం కర్ణాటకలో ‘నలికలి’ బోధన పద్ధతి, తమిళనాడులో కృత్యాల మీద నడిచే చదువు వచ్చాయంటే ఈ పల్లె బడుల ప్రేరణ వాటి వెనక ఉంది. కార్డుల గురించి చాలామంది రాశారు, మాట్లాడారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది అక్కడ జరిపే మెట్రిక్ మేళా.

బడి ఆవరణలో పిల్లలు అంగళ్లు పెడతారు. ఒకచోట తూకం, ఒకచోట పొడవు కొలవడం, ఒకచోట గడియారం, ఇంకోచోట ఏ పాత్రలో ఎన్ని నీళ్లు పడతాయో చెప్పే ఆట. వచ్చే బేరాలు ఊరివాళ్లే, అంటే ఆ పిల్లల అమ్మానాన్నలు, అవ్వాతాతలు. ముందు పెద్దవాళ్లు అంచనా చెప్పాలి, తర్వాత పిల్లలు కొలిచి చూపించాలి. మదనపల్లె అంటే టమాటా మార్కెట్. ఆ నేల మీద బతికే రైతుకు గంప ఎత్తి చూస్తే బరువు తెలిసిపోతుంది. ఆయన చెప్పిన అంచనాకూ కూతురు చదివిన తూకానికీ మధ్య తేడా ఎంతో ఆ అమ్మాయే తీసివేత చేసి రాయాలి. లెక్క అక్కడ పుస్తకంలోంచి లేచి నిలబడుతుంది. తండ్రికి కిలోలు, గ్రాములు రాయడం రాకపోవచ్చు, కానీ తూకం గురించి ఆయనకు తెలిసినంత ఆ బడిలో ఎవరికీ తెలియదు. తన దగ్గర ఉన్నది కూడా చదువేనని ఆ రోజు ఆయనకు, కూతురికి ఒకేసారి తెలుస్తుంది.

ఈ పనికి పెట్టుబడి ఒక త్రాసు, ఒక టేపు, నాలుగు గిన్నెలు. ఏ ఊరి బడైనా ఏడాదికి ఒకసారి చేసుకోవచ్చు. వేదిక అక్కర్లేదు, మైకు అక్కర్లేదు, ముఖ్య అతిథి అసలే అక్కర్లేదు. ఇక్కడ ప్రతి తల్లీ ప్రతి తండ్రీ అతిథులే.

వారం వారం జరిగే పనుల్లో అన్నిటికంటే విలువైనది నా లెక్కలో కథ. మా వైపు ఒక చిన్న బడిలో చూసిన సంగతి చెబుతాను. శనివారం మధ్యాహ్నం బాలసభ వేళకు ఒక ముసలమ్మను పిలిచారు. ఆమె మనవరాలు రెండో తరగతి. కుర్చీ వేస్తే వద్దని చాప మీదే కూర్చుంది. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, అందులో ఎండని ఒక్క చేప. మనందరికీ తెలిసిన కథే. చేప గడ్డిమోపు మీద చెబుతుంది, గడ్డిమోపు ఆవు మీద చెబుతుంది, అలా నేరం ఒకరి మీంచి ఒకరికి పోతూ చివరికి చీమ దగ్గర ఆగుతుంది. పిల్లలు ఊ కొడుతూనే మూడో ప్రశ్నకల్లా జవాబు తామే అందుకున్నారు. ఆ టీచరు చేసిన పని నాకు బాగా నచ్చింది. అవ్వ చెబుతుండగా మాటలు టకటకా రాసుకుని, సోమవారానికి ఆ కథను పెద్ద అక్షరాలతో చార్టు మీద ఎక్కించింది. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆగిపోయే పిల్లలు ఆ చార్టు ముందు ఆగలేదు. కథ నోటికి వచ్చు, తర్వాత ఏ మాట రావాలో తెలుసు, కాబట్టి కన్ను ఆ మాటను వెతికి పట్టుకుంటోంది. ఒక పిల్లాడు సగం చదివి వెనక్కి తిరిగాడు. “టీచర్, పాలేరు ఏడీ?” అన్నాడు. నిజమే. తొందరలో టీచరు పాలేరును రాయడం మరిచిపోయింది. ఆవును మేపడానికి విప్పాల్సినవాడు లేకుండా కథ అవ్వ దగ్గరికి దూకేసింది. చదువుతున్నది అర్థమవుతోంది గనుకే వాడికి లోటు తెలిసింది. చదవడమంటే అదే కదా.

ఇక్కడ నాకు ఒక అభ్యంతరం ఎప్పుడూ ఎదురవుతుంది. పిల్లలకు తెలుగు చదవడమే సరిగా రావడం లేదు, ఈ ఆటపాటలకు టైమెక్కడిది అని. చదువు రావడం లేదన్న బాధ నిజమైనదే. దేశమంతా ఊరూరా తిరిగి పిల్లల చదువు చూసే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం, ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 23.4 మంది. 2022లో ఇది 16.3. పెరిగినందుకు సంతోషించాలి. నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నందుకు నిద్ర పట్టకూడదు. అయితే ఆ పిల్లల కోసం కథను పక్కన పెట్టి అదే వాచకాన్ని పదోసారి చదివిస్తే చదువు వస్తుందా? వస్తుందని నేను నమ్మను. ఏడాదికి 800 గంటల్లో వారానికో గంట అంటే దాదాపు ముప్పై నాలుగు, ముప్పై ఐదు గంటలు. నూటికి నాలుగైదు పాళ్లు. ఆ గంటే మిగతా గంటలకు ఆకలి పుట్టిస్తుంది. కథ విన్న పిల్లకు పుస్తకం మీద ఆశ పుడుతుంది. ఆశ పుట్టాక పుస్తకం అందాలి.

అందుతోందా? గ్రంథాలయం ప్రతి బడిలో ఉండాలని అదే షెడ్యూలు చెబుతుంది. వార్తాపత్రిక, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో సహా. చాలా బడుల్లో పుస్తకాలు ఉన్నాయి కూడా. బీరువాలో ఉన్నాయి. బీరువాకు తాళం ఉంది. ఈ తాళానికి టీచర్లను నిందించి లాభం లేదు. ప్రతి పుస్తకమూ స్టాకు రిజిస్టరులో ఎక్కి ఉంటుంది. పోతే ఎవరు జవాబు చెప్పాలి అన్న భయం హెడ్మాస్టరుది. పిల్లలు చదివే పుస్తకం చిరుగుతుంది, తడుస్తుంది, ఇంట్లో తమ్ముడు దాని మీద గీతలు గీస్తాడు. ఆ భయాన్ని తీసేయగలిగేది ఊరే. చదవగా పాడైన పుస్తకానికి టీచరు బాధ్యులు కారని, ఏటా కొన్ని పుస్తకాలు ఊరు కొనిపెడుతుందని పాఠశాల యాజమాన్య కమిటీ ఒక తీర్మానం రాసి సంతకాలు పెడితే తాళం తీయడానికి ధైర్యం వస్తుంది. తర్వాత పని ఒక నైలాను తాడుది. పిల్లల ఎత్తులో గోడకు కట్టి, బట్టలు ఆరేసినట్టు పుస్తకాలు ఆరేయాలి. అట్ట కనిపించాలి. వీపు మాత్రమే కనిపించే పుస్తకాన్ని చిన్న పిల్లలు తీసుకోరు. తెలుగులో పిల్లల పుస్తకాలకు ఇప్పుడు కొదవ లేదు. సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ తక్కువ ధరకు ఎన్నో రంగుల పుస్తకాలు వేసింది. ప్రథమ్ బుక్స్ వాళ్ల ‘స్టోరీ వీవర్’లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. ఇంటర్ చదివే ఊరి అమ్మాయి ఒకరు శనివారం వచ్చి పుస్తకాలు రాసిచ్చి, రాసి తీసుకుంటే చాలు. నాలుగు నెలల్లో ఆ అమ్మాయే పిల్లలకు అక్క అయిపోతుంది.

అక్క అంటే గుర్తొచ్చింది. రేడియోలో మాట్లాడుతూ ఒక దంపతుల పేరు చెప్పకుండా ముందుకు పోలేను. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు. ఒక తరం తెలుగు పిల్లలకు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. వాళ్లు చేసిన గొప్ప పని, పిల్లల కోసం పెద్దలు చేసే కార్యక్రమం దగ్గర ఆగకుండా పిల్లల గొంతునే మైకు ముందుకు తేవడం. మన బడుల బాలసభకు పెద్దలుగా వెళ్లేటప్పుడు దీన్ని మనసులో పెట్టుకోవాలి. వచ్చినవాళ్లు గంటంతా తామే మాట్లాడేస్తే పిల్లలకు అది ఇంకో పాఠమే అవుతుంది. కథ చెప్పినవాళ్లు కథ అడగాలి. పాట నేర్పినవాళ్లు పిల్లలు కట్టిన పాట వినాలి.

ఇప్పుడు కొంచెం సున్నితమైన విషయానికి వస్తాను. మన ఊళ్లలో చేతి విద్యలకు లోటు లేదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే ఇళ్లున్నాయి. కొండపల్లిలో పొణికి కర్ర బొమ్మలు, చేర్యాలలో పటాలు వేసే నకాషీలు, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఉన్నారు. ఇంత పేరు లేని ఊళ్లో కూడా ఒక కుమ్మరి, ఒక మగ్గం, ఒక డప్పు దళం, ఒక బుర్రకథ తెలిసిన పెద్దాయన దొరుకుతారు. వీళ్లను బడికి పిలవాలి. ఎలా పిలవాలన్నది చాలా ముఖ్యం.

ఈ విద్యలన్నీ మన దేశంలో కులం పేరుతో నడిచాయి. డప్పు కొట్టే మనిషిని పండగకూ చావుకూ పిలిచి, పని అయ్యాక గడప బయటే నిలబెట్టిన ఊళ్లు మనవి. అలాంటి మనిషి బడికి వచ్చినప్పుడు హెడ్మాస్టరు పక్కన కుర్చీలో కూర్చోవాలి. పిల్లలు ఆయన్ను సార్ అని పిలవాలి. డప్పు పిల్లలందరి చేతిలోకీ పోవాలి. కర్రలు ఎలా పట్టాలో, తోలును మంట సెగకు ఎందుకు కాచాలో, కాచాక మోత ఎలా మారుతుందో అందరూ చూడాలి. ‘నీ ఇంట్లోవాళ్లకు వచ్చు కాబట్టి నువ్వు వాయించు’ అని ఒక్క పిల్లాణ్ని ముందుకు తోస్తే ఆ గంట పాడైనట్టే. కుమ్మరి చక్రం దగ్గరా అంతే. మట్టి అందరి చేతికీ అంటాలి, ఆడపిల్లల చేతికీ, పెద్ద ఇంటి పిల్లల చేతికీ. బడిలో ఈ ఒక్క గంట జాగ్రత్తగా జరిగితే సాంఘికశాస్త్రం పుస్తకం సమానత్వం గురించి చెప్పే పాఠం పిల్లలకు వేళ్ల చివర్ల నుంచి తెలుస్తుంది. జాగ్రత్తగా జరగకపోతే పాత గీతలను మనమే బళ్లో మళ్లీ గీసినవాళ్లమవుతాం. అందుకే ఈ గంటను బాగా తయారై, ముందురోజు మాట్లాడుకుని జరపమంటాను.

డబ్బు సంగతి కూడా తేల్చుకుందాం. రోజు కూలి మీద బతికే మనిషికి ఒక మధ్యాహ్నం అంటే సగం కూలి. సేవ అన్న మాట చెప్పి ఆ సగం కూలిని వాళ్ల చేతే భరింపజేయడం న్యాయం కాదు. దాతల డబ్బు చేరాల్సిన చోటు ఇది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ ఏర్పాటు కొత్త కాదు. అక్కడ తల్లిదండ్రుల, టీచర్ల సంఘం 1897లో తల్లుల మహాసభగా మొదలైంది. వాళ్ల పిల్లల బడుల్లో సంగీతానికో, చిత్రకళకో, లైబ్రరీకో తల్లిదండ్రులు చందాలు పోగుచేస్తారు, వంతులు వేసుకుని వెళ్లి పనిచేస్తారు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వారాంతాల్లో తెలుగు నేర్పుతోందంటే అది అక్కడి తల్లిదండ్రులు ఇచ్చిన గంటల వల్లే. అలాంటి అనుభవం ఉన్నవాళ్లు సొంత ఊరి బడికి ఏదైనా చేయాలనుకున్నప్పుడు, ఇంకో డిజిటల్ బోర్డుతో పాటు ఇదీ ఆలోచించండి: ఏడాది పొడవునా శనివారాలు వచ్చే కళాకారులకు, ఆటలు నేర్పేవాళ్లకు గౌరవవేతనం, దారి ఖర్చులు. అక్కడి ఒక లోపాన్ని కూడా గమనించండి. కలిగినవాళ్లుండే పేటలో బడికి చందాలు ఎక్కువ వస్తాయి, లేనివాళ్ల పేటలో రావు. మన దగ్గరా పెద్ద ఊరి బడికి దాతలు దొరుకుతారు, దాని పక్కనే ఉన్న తండా బడికి, కాలనీ బడికి దొరకరు. ఇచ్చే చేయి ఈ రెండో బడిని వెతుక్కుంటూ వెళ్లాలి.

నడిపే బాధ్యత ఎవరిది? చట్టమే దారి చూపింది. పాఠశాల యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది ఈ కమిటీయే. తెలంగాణలో 2024 నుంచి మహిళా సంఘాల వాళ్లు ముందుండి నడిపేలా అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. ప్రణాళిక అనగానే ప్రహరీ గోడ, మరుగుదొడ్లు రాస్తారు. రాయాలి, అవి లేకుండా ఏదీ లేదు. వాటి కిందే ఈ శనివారాల సంగతీ ఒక పేజీ రాయండి. ఇందులో టీచరు మీద కొత్త బరువు పడకూడదు. మనిషిని పిలవడం, గుర్తుచేయడం, సామాన్లు తేవడం, చివర ఊడ్చి సర్దడం కమిటీ పని. తరగతి గదిలో ఉండటం మాత్రం టీచరు పని. వచ్చినవాళ్లు ఎంత తెలిసినవాళ్లయినా, ఎంత పెద్దవాళ్లయినా పిల్లలను ఒంటరిగా వాళ్లకు అప్పజెప్పకూడదు. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఇంకొక్కటి. ఇలాంటివి మన దగ్గర ఆగస్టు పదిహేనుకు ఉరకలేసి దసరా నాటికి చల్లారతాయి. నెలకు నాలుగు మొదలుపెట్టి మానేయడం కంటే నెలకు రెండు పెట్టుకుని ఏప్రిల్ దాకా నిలబెట్టడం మేలు. పిల్లలు ఎదురుచూస్తారు. ఈ శనివారం డప్పు సార్ వస్తారని ఒకటో తరగతి పిల్లకు చెప్పాక ఆయన రాకపోతే, ఆ పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి ఉంటుంది.

మొదలుపెట్టడానికి ఒక పద్ధతి చెబుతాను. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం పిల్లలకు ఇంటిపని ఇవ్వండి: మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరికి ఏమి వచ్చో అడిగి రాసుకు రండి. రాయడం రాని చిన్నవాళ్లు బొమ్మ వేసుకు రావచ్చు. ముగ్గులు, బతుకమ్మ పాటలు, పిల్లనగ్రోవి, చేప వల అల్లడం, సైకిలు పంక్చరు వేయడం, గాలిపటం కట్టడం, పాముల పేర్లు, చెట్ల పేర్లు, కుట్టు మిషను, వాలీబాలు. వాళ్లు తెచ్చిన కాగితాలన్నీ గోడకు అంటించి కమిటీవాళ్లను పిలవండి. అక్కడే నిలబడి జూలై నెలకు రెండు పేర్లు ఎంచి, తేదీ వేసి, వాళ్ల ఇంటికి కబురు పెట్టండి. కబురు తీసుకెళ్లేది ఆ కాగితం తెచ్చిన పిల్లే కావాలి.